ప్లాన్ గీసి కట్టిన ఊళ్ళో ఒక సెక్టార్ చరిత్ర రాయాలంటే

పాత ఊళ్ళ చరిత్ర రాసేవాళ్ళకి కోటగోడో, శాసనమో, వందల ఏళ్ళ నాటి బజారో ఏదో ఒకటి దొరుకుతుంది. డ్రాయింగ్ బోర్డు మీద పుట్టిన ఊళ్ళలో ఉండేవాళ్ళని అడిగితే మాత్రం "మా సెక్టార్‌కి చరిత్రేముందండీ, యాభై ఏళ్ళ కింద గవర్నమెంట్ కట్టింది, అంతే" అని తేల్చేస్తారు. ఇంకొందరు ఫలానా గొప్ప ఆర్కిటెక్ట్ వేసిన మాస్టర్ ప్లానే మా చరిత్ర అని పాత బ్రోచర్‌ని తిరగరాసి పెడతారు. రెండూ పనికిరావు. ప్లాన్‌లో గీసినదానికీ నేల మీద జరిగినదానికీ తేడా ఎక్కడ వచ్చిందో, ఎందుకు వచ్చిందో పట్టుకోవడమే ఇక్కడ అసలు పని. అది ఎలా చేయాలో చెప్తాను.

ముందు ఊరంతా రాసేయాలనే ఆశ మానుకోండి. ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌నే తీసుకుంటే, 1967 జనవరి 23న ప్రకటించిన హద్దులో దాదాపు 8,900 హెక్టార్ల నేల ఉంది, అందులో మూడు పాత పట్టణాలు, పదికి పైగా పల్లెలు కలిసిపోయాయి, అదంతా ఒక్కరు రాయగలిగేది కాదు. కానీ అక్కడి గ్రిడ్ రోడ్లు సుమారు కిలోమీటరుకొకటి చొప్పున ఊరిని గళ్ళుగా కోశాయి కాబట్టి ఒక్క గడి తీసుకుంటే పని చేతికందుతుంది. చండీగఢ్‌లో అయితే 800 మీటర్ల వెడల్పు, 1,200 మీటర్ల పొడవు ఉండే సెక్టార్, బ్రెజిల్ రాజధాని బ్రెజీలియాలో అయితే అపార్ట్‌మెంట్ల గుంపుగా ఉండే సూపర్‌క్వాడ్రా. మీ ఊళ్ళో దాన్ని ఏమంటారో అది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ప్లానర్ గీసిన హద్దు ఒకటి, వార్డుకో జనగణనకో వాడే హద్దు ఇంకొకటి, అక్కడ ఉండేవాళ్ళు "మా ఏరియా" అనుకునేది మూడోది. మూడింటినీ ఒకే మ్యాప్ మీద మూడు రంగుల్లో గీసి పెట్టుకోండి. మీరు రాసేది వీటిలో దేని గురించో మొదటి పేజీలోనే చెప్పేయండి, లేకపోతే జనాభా లెక్కలు చెప్పే చోట రెండు వేర్వేరు హద్దుల అంకెల్ని పక్కపక్కన పెట్టి, జనం పెరిగారనో తగ్గారనో తీర్మానం చేసేస్తారు.

మీ కాలనీ ఏ ఆలోచనలోంచి వచ్చింది

దీనికి ఎక్కువ టైమ్ పెట్టక్కర్లేదు, కానీ అసలు తెలియకుండా మొదలుపెట్టకూడదు. 1929లో న్యూయార్క్ ప్రాంతీయ ప్రణాళిక కోసం క్లారెన్స్ పెర్రీ అనే ఆయన 'నెయిబర్‌హుడ్ యూనిట్' అని ఒక నమూనా రాశాడు. ఒక ప్రాథమిక పాఠశాలకి సరిపడా జనం ఉండాలి, బడి మధ్యలో ఉండాలి, పెద్ద రోడ్లు అంచుల వెంటే పోవాలి, లోపలి వీధుల్లోంచి బయటి ట్రాఫిక్ దూసుకుపోకూడదు, దుకాణాలు మూలల్లో ఉండాలి, పదో వంతు నేల పార్కులకి వదలాలి, ఇదీ దాని సారాంశం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టిన కొత్త పట్టణాల్లో చాలావాటికి, 1946 చట్టం కింద బ్రిటన్‌లో మొదట ప్రకటించిన స్టీవెనేజ్ నుంచి చండీగఢ్ దాకా, మూలం దగ్గరదగ్గర ఇదే. కొన్ని ఊళ్ళు దీన్ని కావాలనే తిప్పి రాశాయి. మిల్టన్ కీన్స్ 1970 ప్లాన్‌లో దుకాణాలూ బడులూ గడి నడిబొడ్డున కాకుండా, జనం గ్రిడ్ రోడ్డు దాటే చోట అంచున పెట్టాలన్నారు. తీరా కట్టేటప్పుడు చాలా గళ్ళలో అవి మళ్ళీ లోపలికే వెళ్ళిపోయాయి.

మీరు చేయాల్సిందల్లా మీ సెక్టార్ మ్యాప్ ముందేసుకుని బడి ఎక్కడుంది, దుకాణాలు ఎటు తిరిగి ఉన్నాయి, అడ్డంగా పోయే రోడ్డు ఉందా, పార్కు అని గీసిన చోట ఇప్పుడేముంది అని చూసుకోవడం. నమూనాకి అతకని ప్రతి చోటా ఒక ప్రశ్నార్థకం పెట్టండి. మీ చరిత్రలో అధ్యాయాలు చాలావరకు ఆ గుర్తుల్లోంచే వస్తాయి.

ప్లాన్‌కి ముందు అక్కడేముంది

ఎక్కువ కష్టపడాల్సిందీ, ఎక్కువ దొరికేదీ ఇక్కడే. కొత్త పట్టణం కట్టిన సంస్థ ఏదైనా సరే, తన మొదటి పుస్తకంలో "ఖాళీ భూమి" అనో "బంజరు" అనో రాసుకుంటుంది. ఆ మాటని ఎప్పుడూ అలాగే ఎత్తి రాయకండి. నవీ ముంబై కోసం 1970లో సిడ్కో అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడినప్పుడు ఆ హద్దులో 95 గ్రామాలున్నాయి. చండీగఢ్‌లో సెక్టార్ 45 మధ్యలో బురైల్ అనే పాత ఊరు ఇప్పటికీ ఇరుకు సందులతో అలాగే ఉంది, చుట్టూ గళ్ళు, లోపల ఊరు. మిల్టన్ కీన్స్ అన్న పేరే అక్కడ అంతకుముందున్న ఒక చిన్న పల్లెది.

మొదట పాత మ్యాపులు. బ్రిటన్‌లో అయితే ఆర్డ్‌నెన్స్ సర్వే పాత షీట్లు నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైట్లో ఉచితంగా చూడొచ్చు, ఇప్పటి మ్యాప్ మీద పరిచి కూడా చూపిస్తుంది. ఇండియాలో సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, రెవెన్యూ శాఖ దగ్గరుండే గ్రామ పటాలు ఉంటాయి. టోపోషీట్‌లో చెరువులు, బాటలు, ఊళ్ళు కనిపిస్తాయి, గ్రామ పటంలో సర్వే నంబర్లు కనిపిస్తాయి. రెండూ కావాలి, ఎందుకంటే భూసేకరణ కాగితాలన్నీ సర్వే నంబర్ల భాషలోనే ఉంటాయి.

తర్వాత ఉపగ్రహ చిత్రాలు. చాలామందికి తెలియని సంగతి, 1960 నుంచి 1972 దాకా అమెరికా కరోనా అనే గూఢచారి ఉపగ్రహాలతో తీసిన ఫోటోల్ని 1995లో బయటపెట్టేశారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ యుఎస్‌జీఎస్ వాళ్ళ ఎర్త్‌ఎక్స్‌ప్లోరర్ సైట్లో మీ ప్రాంతం గీసి వెతికితే చాలు, మీ ఊరు కట్టకముందు ఫోటో దొరికినా దొరకొచ్చు. 1960ల చివర తీసినవాటిలో పొలం గట్లు, బాటలు, ఊరి ఆకారం తేలిగ్గా గుర్తుపట్టొచ్చు. 1972 నుంచి మొదలైన ల్యాండ్‌శాట్ చిత్రాల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, తొలినాటి వాటిలో ఒక్కో చుక్క 80 మీటర్లు, అందులో ఇల్లు కాదు కదా వీధి కూడా కనపడదు. ఊరు ఎటువైపు పెరిగిందో చెప్పడానికైతే పనికొస్తాయి.

పాత మ్యాప్‌ని ఇప్పటి మ్యాప్ మీద కూర్చోబెట్టడానికి క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో రెండింట్లోనూ కనిపించే స్థిరమైన గుర్తులు కనీసం నాలుగు, వీలైతే ఎనిమిదో పదో, మ్యాప్ నాలుగు మూలలకీ విస్తరించేలా పెట్టాలి. రైలు వంతెన, కాలువ మలుపు, పాత ప్రార్థనా స్థలం లాంటివి బాగుంటాయి. రోడ్డు కూడళ్ళని నమ్మకండి, కొత్త ఊరు కట్టేవాళ్ళు మొట్టమొదట జరిపేది వాటినే. ఒకసారి కూర్చుందంటే ఇక కళ్ళు తిప్పుకోలేరు, చెరువు గర్భంలో వచ్చిన బ్లాకు ఏదో, వానాకాలంలో ఏ వీధిలో నీళ్ళు నిలుస్తాయో, ఎందుకు నిలుస్తాయో మ్యాపే చెప్పేస్తుంది.

ఆ మ్యాప్ చేత్తో పట్టుకుని ఒకసారి కాలినడకన తిరగండి. అన్నీ నిటారు గీతలే ఉన్న చోట ఒక వంకర సందు, ఏటవాలు దారి, వరసగా ముసలి చెట్లు, అకారణంగా వెడల్పైన జాగా కనిపించాయంటే ఆగండి. మిల్టన్ కీన్స్‌లో రోమన్ల కాలం నాటి వాట్లింగ్ స్ట్రీట్ వీ4 అనే గ్రిడ్ రోడ్డుగా కలిసిపోయింది. చండీగఢ్‌లో లీజర్ వ్యాలీ అనే పొడవాటి పార్కుల వరస అంతకుముందున్న ఒక వాగు దారినే పట్టుకుని పోతుంది. ప్లానర్లు అన్నీ చెరిపేయలేదు, కొన్నిటిని వాడుకున్నారు, వేటిని వాడుకున్నారో రాయడం కూడా చరిత్రే.

ఇక భూసేకరణ కాగితాలు. ఓపికుంటే ఇంతకంటే గొప్ప గని లేదు. ఇండియాలో 2013 చివరి దాకా 1894 చట్టం నడిచింది. సెక్షన్ 4 కింద మొదటి నోటిఫికేషన్, సెక్షన్ 6 కింద డిక్లరేషన్, రెండూ గెజిట్‌లో వస్తాయి. సెక్షన్ 11 కింద ఇచ్చే అవార్డులో, అంటే పరిహారం తేల్చే ఉత్తర్వులో, భూమి విస్తీర్ణం, పరిహారం తేల్చిన లెక్క ఉంటాయి, చాలాసార్లు బావులు, చెట్లు, కట్టడాల వివరాలు కూడా విడిగా దొరుకుతాయి. పరిహారం చాలదని సెక్షన్ 18 కింద కోర్టుకి వెళ్ళిన కేసులు హైకోర్టు దాకా పోయి ఉంటే ఆ తీర్పులు ఆన్‌లైన్‌లో గ్రామం పేరు కొడితే వస్తాయి. ఆ నేల అప్పటికి ఎలా ఉంది, పక్కన అమ్మకాలు ఏ ధరకి జరిగాయి అని రెండు పక్షాలూ వాదించుకున్న మాటలు అందులో ఉంటాయి. "బంజరు" అని సంస్థ రాసుకున్న చోట రెండు పంటల మాగాణి ఉందని ఒక తీర్పు తేల్చేయొచ్చు. ఆర్టీఐ వేసేటప్పుడు "మా సెక్టార్ చరిత్ర ఇవ్వండి" అని అడిగితే సమాచారం లేదనే జవాబు వస్తుంది. ముందు ఫలానా గ్రామం, ఫలానా ఏళ్ళ మధ్య ఫైళ్ళ జాబితా అడగండి, జాబితా వచ్చాక నంబర్ చెప్పి ఫైలు అడగండి.

ప్రతిఘటన జరిగిందేమో తప్పకుండా వెతకండి, అధికారిక పుస్తకాలు దాన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి. 1946లో స్టీవెనేజ్‌లో కొత్త పట్టణం గురించి మంత్రి లూయిస్ సిల్కిన్ సభ పెడితే జనం గోల చేశారు, ఆయన కారు టైర్లలో గాలి తీసేశారు, రైల్వే స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు తీసేసి, రష్యా ఊళ్ళ పేర్లలా వెక్కిరింపుగా 'సిల్కిన్‌గ్రాడ్' అని పెట్టారు, కేసు మరుసటి ఏడు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది, ఓడిపోయారు, ఊరు కట్టారు. నవీ ముంబైలో 1984 జనవరిలో భూములు కోల్పోయిన రైతుల ఆందోళన మీద పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు, ఆ పోరాటం తర్వాతే తీసుకున్న భూమిలో పన్నెండున్నర శాతం అభివృద్ధి చేసి తిరిగివ్వాలనే పథకం వచ్చింది. ఇప్పుడు అక్కడ ఒక ప్లాట్ ఎందుకు ఆ సైజులో, ఆ మూలన ఉందో అర్థం కావాలంటే ఈ సంగతి తెలియాలి.

ప్లాన్ కాగితాలు చదివేటప్పుడు

ప్లాన్ అంటే ఒక్కటే అనుకోకండి. చండీగఢ్‌కి మొదట ఆల్బర్ట్ మేయర్, మాథ్యూ నొవికీ గీశారు, 1950లో నొవికీ విమాన ప్రమాదంలో పోయాడు, 1951లో ఆర్కిటెక్ట్ లె కార్బూజియే వచ్చి దాన్ని సవరించాడు, ఇళ్ళలో ఎక్కువ భాగం పియర్ జాన్‌రే, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ చేతిలో రూపుదిద్దుకున్నాయి. మొదట లేచిన సెక్టార్లలో ఒకటైన 22 గురించి రాస్తూ "కార్బూజియే కట్టాడు" అంటే తప్పే. మీ దగ్గరున్న ప్రతి డ్రాయింగ్ మీదా తేదీ, గీసినవాళ్ళ పేరు, అది ప్రతిపాదనా ఆమోదించిందా అన్నది రాసి పెట్టుకోండి. తేదీ లేని డ్రాయింగ్‌ని సాక్ష్యంగా వాడకండి.

కాగితాలు ఎక్కడున్నాయో కనుక్కోవడమే సగం పని. ఊరు కట్టిన సంస్థలు కొన్నాళ్ళకి మూతపడతాయి. మిల్టన్ కీన్స్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ 1992లో మూతపడింది. అప్పుడు ఆస్తులు ఒకరికి, ఫైళ్ళు ఇంకొకరికి, ఫోటోలు మరొకరికి పోతాయి. కొన్నిసార్లు దేశమే దాటిపోతాయి, పియర్ జాన్‌రే కాగితాలు మాంట్రియల్‌లోని కెనడియన్ సెంటర్ ఫర్ ఆర్కిటెక్చర్‌లో ఉన్నాయి, కార్బూజియేవి పారిస్‌లోని ఆయన ఫౌండేషన్‌లో. ఇంటి నుంచే వాళ్ళ కేటలాగ్ వెతికి ఉత్తరం రాయొచ్చు. సంస్థల వార్షిక నివేదికలు కూడా వదలొద్దు, బోరు కొడతాయి గానీ ఆ ఏడు ఎన్ని ఇళ్ళు మొదలుపెట్టారు, ఎన్ని పూర్తయ్యాయి, ఎందుకు ఆలస్యమైంది అన్నది వాటిలోనే ఉంటుంది. బ్రోచర్లలో ఉండేదల్లా పచ్చగడ్డి మీద నవ్వుతున్న పిల్లలు.

ఇళ్ళ రకాలూ నోట్ చేసుకోండి. చండీగఢ్‌లో ప్రభుత్వ ఇళ్ళని ఉద్యోగి హోదాని బట్టి పదమూడు తరగతులుగా చేశారు, పైన మంత్రుల నుంచి కింద ప్యూన్ల దాకా. మీ ఊళ్ళోనూ టైప్ నంబర్లో, గ్రేడ్లో, ఆదాయ వర్గాలో ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఏ వీధిలో ఏ టైప్ ఉందో రంగులేస్తే మొదట ఎవరి పక్కన ఎవరు ఉండాలని అనుకున్నారో తెలిసిపోతుంది.

గీసింది, కట్టింది, ఇప్పుడున్నది

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి ఈ మూడు పేర్లతో మూడు నిలువు వరసలు పెట్టండి, నాలుగో వరసలో "ఎందుకు". ఆ నాలుగో వరస నిండడానికి నెలలు పట్టినా కంగారు పడొద్దు.

కొన్ని తేడాలు డబ్బు వల్ల వస్తాయి. 1929లో న్యూజెర్సీలో మొదలైన రాడ్‌బర్న్ అనే కాలనీ ప్రపంచం మొత్తానికి నమూనా అయింది, కానీ ఆర్థిక మాంద్యం దెబ్బకి అదే పూర్తిగా కట్టలేదు. కొన్ని డిజైన్ వల్ల వస్తాయి. మిల్టన్ కీన్స్‌లో బీన్‌హిల్ అనే గడిలో ఆర్కిటెక్ట్ నార్మన్ ఫోస్టర్ ఆఫీసు చదును పైకప్పుల ఇళ్ళు వేసింది, అవి కారి కారి చివరికి వాటి మీద వాలు పైకప్పులు కట్టారు. కొన్ని డిజైన్ ఒప్పుకున్నవే. నవీ ముంబైలోని బేలాపూర్‌లో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా 1980లలో వేసిన ఆర్టిస్ట్స్ విలేజ్‌లో ఇంటి పక్క ఇల్లు గోడ ఆనుకోకుండా, కుటుంబం పెరిగేకొద్దీ ఇల్లు పెంచుకునేలా కట్టారు. జనం పెంచుకున్నారు, చాలాచోట్ల ఆయన గీసిన ఇల్లే కనపడనంతగా. దాన్ని "పాడు చేశారు" అని రాస్తారా, "వాడుకున్నారు" అని రాస్తారా అన్నది మీ ఇష్టం, నేనైతే రెండోదే రాస్తాను.

నాకు బాగా నచ్చే ఉదాహరణ బ్రెజీలియాది. రెండు రెక్కలుగా గీసిన ఆ ఊళ్ళో దక్షిణం రెక్కలో దుకాణాల ముఖాలు సూపర్‌క్వాడ్రా వైపు, లోపలి చెట్ల వైపు ఉండాలని గీశారు, వీధి వైపు ఉండేది సరుకు దింపుకునే వెనక వైపు. కానీ జనం వచ్చేది వీధి వైపు నుంచి, బస్సులూ కార్లూ ఆగేది అటే, దుకాణమంటే వీధి మీదకే చూడాలన్నది వాళ్ళ అలవాటు. దుకాణదారులు గుమ్మాలు వీధి వైపుకి తిప్పేసుకున్నారు. ఒక్క గుమ్మం ఎటు తిరిగి ఉందన్న దాంట్లో ఇంత కథ ఉంటుంది కాబట్టే నడిచి చూడమంటున్నాను.

తేదీల దగ్గర ఒక జాగ్రత్త. ఒక బ్లాకుకి మంజూరైన ఏడు, టెండర్ పిలిచిన ఏడు, పూర్తయిన ఏడు, జనం దిగిన ఏడు వేరువేరు, మధ్యలో నాలుగైదేళ్ళు కూడా ఉండొచ్చు. మీరు ఏ తేదీ వాడుతున్నారో చెప్పి అన్నిచోట్లా అదే వాడండి. జనం దిగిన తేదీ పట్టుకోవడానికి బడి అడ్మిషన్ రిజిస్టర్ మొదటి పేజీలు, తొలి ఓటర్ల జాబితా, పోస్టాఫీసు తెరిచిన తేదీ, బస్సు రూటు మొదలైన తేదీ పనికొస్తాయి. ఇళ్ళు నిండాక ఎన్నేళ్ళకి బడి వచ్చిందో, ఎన్నేళ్ళకి బస్సు వచ్చిందో లెక్క వేసి ఒక చిన్న కాలపట్టిక చేస్తే చాలు, తొలి ఏళ్ళలో ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళ టెన్షన్ ఏంటో పాఠకుడికి అర్థమైపోతుంది.

మనుషుల్ని అడగడం

మొదట దిగిన కుటుంబాల్ని అందరూ అడుగుతారు, మీరూ అడగండి, కానీ అక్కడితో ఆగకండి. భూమి ఇచ్చినవాళ్ళు, లేదా పోగొట్టుకున్నవాళ్ళు ఒక వర్గం. కట్టిన కూలీలు ఇంకో వర్గం, వీళ్ళు దాదాపు ఏ ప్లాన్‌లోనూ ఉండరు. బ్రెజీలియా కట్టడానికి వచ్చిన జనం ఉండేందుకు వేసిన చెక్క ఇళ్ళ బస్తీ, సిదాజి లీవ్రి, రాజధాని ప్రారంభమయ్యాక తీసేయాల్సింది. అక్కడివాళ్ళు కదలమన్నారు, పోరాడారు, 1961లో చట్టం చేసి దాన్ని శాశ్వతం చేయాల్సి వచ్చింది, ఇప్పుడది నూక్లియో బందేరాంచి. మీ సెక్టార్ అంచున ఉన్న "అనధికార" బస్తీ వయసు ఎంతో అడిగి చూడండి, మీ సెక్టార్ కన్నా పెద్దదే కావచ్చు.

"అప్పట్లో ఎలా ఉండేది?" అని అడగొద్దు. "బాగుండేది" అంటారు, అయిపోతుంది. తాళం చేతికొచ్చిన రోజు సామాను దేంట్లో వచ్చింది, రోడ్డు పడిందా, నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు, రాత్రి జ్వరమొస్తే ఎక్కడికి వెళ్ళారు, పక్కింట్లో ఎవరైనా దిగారా అని అడగండి. పాత మ్యాప్ ప్రింట్ తీసి ముందు పరచండి, వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టారంటే మీరు ఇంక ప్రశ్నలు వేయక్కర్లేదు. భార్యాభర్తల్ని విడివిడిగా కూడా మాట్లాడించండి, పొద్దున్నే ఉద్యోగానికి వెళ్ళిపోయినవాళ్ళకి గుర్తున్న సెక్టార్ వేరు, బస్సు లేని చోట పగలంతా ఉండిపోయినవాళ్ళది వేరు. బ్రిటన్‌లో 1950లలో ఈ ఒంటరితనానికి పత్రికలు 'న్యూ టౌన్ బ్లూస్' అని పేరు కూడా పెట్టేశాయి. అలాంటి రెడీమేడ్ మాటల్ని మీరు వాళ్ళ నోట్లో పెట్టకండి.

ఏళ్ళు చాలామంది తప్పు చెప్తారు, వరస మాత్రం సాధారణంగా సరిగ్గానే చెప్తారు. "పెద్దాడు ఏ క్లాసులో ఉన్నాడప్పుడు?" అని అడిగితే ఏడు దానంతటదే తేలుతుంది. కాగితం ఒకటి చెప్పి మనిషి ఇంకోటి చెప్తే రెండూ రాయండి. నీళ్ళ పైపు ఫలానా ఏట వేశారని రికార్డు అంటుంది, అందులో నీళ్ళు రెండేళ్ళ తర్వాత వచ్చాయని ఆవిడ అంటుంది, ఇద్దరూ నిజమే చెప్తూ ఉండొచ్చు. రికార్డ్ చేసే ముందు అనుమతి అడగండి, పేరు వేయొచ్చా అని విడిగా అడగండి. అవార్డు కాగితాల్లో దొరికిన రైతుల పేర్లు, వాళ్ళకొచ్చిన డబ్బు ఎంతన్నది అలాగే ఆన్‌లైన్‌లో పెట్టేయకండి, వాళ్ళ కుటుంబాలు ఇంకా అక్కడే ఉంటాయి, కొన్నిచోట్ల కోర్టులో కేసులూ ఉంటాయి.

రాసేటప్పుడు శంకుస్థాపనలు, రిబ్బన్ కటింగుల జాబితా ఒక్క పేరాలో ముగించేయండి. ఒక్కో భాగాన్ని ఒక చోటు నుంచి మొదలుపెట్టండి, ఒక కూడలి, ఒక బడి, ఒక వంకర సందు, అక్కడి నుంచి వెనక్కి వెళ్ళండి. ప్రతి ఫోటో కింద ఏడు, తీసిన దిక్కు రాయండి. పూర్తయిందనుకున్న డ్రాఫ్ట్‌ని పక్కన వెడల్పుగా మార్జిన్ వదిలి ప్రింట్ తీసి, లైబ్రరీలోనో కాలనీ సంఘం ఆఫీసులోనో ఒక పెన్నుతో సహా కొన్ని వారాలు ఉంచండి. "ఇది తప్పు, ఆ మూల బ్లాకు మా తర్వాత వచ్చింది" అని చేతిరాతలు పడతాయి, పాత ఫోటోలు బయటికొస్తాయి. వాటిని సరిచూసుకుని, కవర్ మీద తేదీతో రెండో కూర్పు తీయండి, స్కాన్లన్నీ ఒక కాపీ లైబ్రరీకి ఇచ్చేయండి.